ఫుట్‌బాల్ క్లబ్ లోగోలో సింహం, కోట, బంతి అన్నీ ఉండాలా, ఒక్క అక్షరం చాలా?

ప్రశ్న అడిగినాయన బెంగళూరులో మారతహళ్లి వైపు ఆడే ఒక జట్టుకి కార్యదర్శి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగు కుర్రాళ్లు ఎక్కువగా ఉన్న జట్టట. వారాంతాల్లో టర్ఫ్ మీద ఆడీ ఆడీ ఇప్పుడు జిల్లా లీగ్ కింది డివిజన్‌లో చేరుతున్నారు. లోగో దగ్గర రెండు వర్గాలయ్యాయి. ఒక వర్గం ఏఐతో గీయించిన డాలు బొమ్మ పట్టుకుని కూర్చుంది. అందులో గర్జించే సింహం, వెనక చార్మినార్, పక్కన విధానసౌధ, కింద మంటలు, మంటల్లో బంతి. రెండో వర్గం ఇటలీ క్లబ్‌ని చూపించి "జువెంటస్‌ని చూడండి, ఒక్క అక్షరం, అంతే" అంటోంది. పెద్ద క్లబ్బులు ఇలాంటివి ఏ లెక్కన తేల్చుకుంటాయి, మేం ఏది ఎంచుకోవాలి అని అడిగారు.

నేను బెంగళూరులో జెర్సీలు, బ్యాడ్జీల డిజైన్ పని చేస్తాను. అకాడమీలు, కంపెనీ జట్లు, అపార్ట్‌మెంట్ లీగ్‌లు, అప్పుడప్పుడూ కాస్త పెద్ద క్లబ్బులు నా దగ్గరికి వస్తుంటాయి. కాబట్టి ఇది అభిమాని మాటకంటే పనివాడి మాట అనుకోండి.

సూటిగా చెప్తాను, రెండూ వద్దు. ఒక గుర్తు పెట్టుకోండి, ఒకటే. దానికో ఆకారం, తెలుపు కాక రెండు రంగులు, క్లబ్ పేరు. ఆ గుర్తు నలుగురూ మిమ్మల్ని ఇప్పటికే ఏమని పిలుస్తున్నారో అందులోంచి రావాలి. ఛాతీ మీద ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పున దారంతో కుట్టినా, వాట్సాప్ డీపీలో గోరంత కనిపించినా అదే బొమ్మ అని తెలియాలి. ఒక్క అక్షరంతో బతకాలంటే ఆ అక్షరం ముందే లోకానికి తెలిసుండాలి. మీ జట్టు సంగతి ఇంకా పక్క టర్ఫ్ వాళ్లకే సరిగ్గా తెలీదు.

ఇక కారణాలు. కొంచెం పొడుగవుతుంది.

యూరప్‌లో పాత క్లబ్బుల బ్యాడ్జీలు చాలావరకు ఆ ఊరి నగరపాలక చిహ్నం నుంచి తెచ్చుకున్నవే. మాంచెస్టర్ సిటీ బ్యాడ్జిలో ఓడ, మూడు నదుల గీతలు, లాంకషైర్ ఎర్ర గులాబీ అలా వచ్చినవే. అవి గేటు మీదా, మ్యాచ్ రోజు అమ్మే పుస్తకం అట్ట మీదా పెద్దగా అచ్చయ్యేవి కాబట్టి ఎన్ని వివరాలున్నా ఇబ్బంది లేకపోయింది. ఇవాళ అదే బ్యాడ్జి టీవీలో స్కోరు పక్కన చిన్న ముక్కగా, ఫోన్‌లో యాప్ గుర్తుగా, టోపీ మీద, కీచెయిన్ మీద కనబడాలి. తగ్గించక తప్పని స్థితి అక్కడ మొదలైంది. 2016లో మాంచెస్టర్ సిటీ గుండ్రటి బ్యాడ్జికి వెళ్లినప్పుడు 1997 నుంచి ఉన్న గద్ద పోయింది, ఓడా నదులూ గులాబీ మాత్రం ఉన్నాయి.

చాలామందికి తెలియని కారణం ఇంకోటుంది, హక్కులు. ఆర్సెనల్ 2002లో తన పాత బ్యాడ్జిని పక్కన పెట్టింది. కాలక్రమంలో ఎక్కడెక్కడి ముక్కలో చేరి తయారైన ఆ బొమ్మ మీద కాపీరైట్ గట్టిగా పట్టుకోవడం కష్టమైంది. స్టేడియం బయట ఎవరైనా వేసి అమ్ముకుంటే ఆపడం ఎలా? అందుకని కొత్తగా గీయించారు. లాటిన్ నినాదం పోయింది, ఎడమ వైపు చూసే ఫిరంగి కుడి వైపుకి తిరిగింది. అభిమానులకి అప్పట్లో కోపం వచ్చింది. కానీ ఫిరంగి ఉంది చూశారా, ఆ జట్టుని "గన్నర్స్" (ఫిరంగులు పేల్చేవాళ్లు) అని పిలిచే పేరు అందులోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు కాబట్టే మిగతావన్నీ జనం మింగారు.

జువెంటస్ సంగతికొస్తే, 2017 జనవరిలో ఇంటర్‌బ్రాండ్ సంస్థ చేసిన కొత్త లోగో బయటపెట్టారు. అంతకుముందు కోలగా ఉన్న బ్యాడ్జిలో ట్యూరిన్ నగర చిహ్నమైన ఎద్దు ఉండేది. అది పోయింది, క్లబ్ పేరుతో పాటు గీతల్లాంటి ఒక జే మిగిలింది. వెక్కిరిస్తూ బొమ్మలు గీసినవాళ్లు గీశారు, అయినా ఆ లోగో నిలబడింది. ఎందుకో చూడండి. ఆ క్లబ్ 1903 నుంచి నలుపు తెలుపు చారల చొక్కా వేస్తోంది. ఆ జే రెండు చారలతో కట్టిందే, కింద వంపు డాలు అంచులా ఉంటుంది. అంటే చొక్కానే లోగోగా మలిచారు. పైగా వాళ్లు ఫుట్‌బాల్ చూడనివాళ్లకి కూడా బట్టలూ సామానూ అమ్మాలనుకున్నారు, ఆ పనికి ఎద్దుకంటే అక్షరం నయం. మీ జట్టుకి శతాబ్దం నాటి చారలూ లేవు, షాంఘైలో షాపు తెరిచే ఆలోచనా లేదు. మీరు ఒక్క అక్షరం పెడితే కొరియర్ కంపెనీ అనుకుంటారు.

ఇక్కడ మీ రెండో వర్గం ఒకటి గమనించాలి. తగ్గించినందుకు ఏ క్లబ్బూ దెబ్బతినలేదు, తీయకూడనిది తీసినందుకు తిన్నాయి.

2013లో ఎవర్టన్ తన బ్యాడ్జిని సులువు చేసింది. పాత బురుజు ఉంది కానీ పూలదండలు, లాటిన్ నినాదం పోయాయి. అన్ని చోట్లా చక్కగా అచ్చు రావాలన్నదే వాళ్లు చెప్పిన కారణం, పనివాడిగా నేను ఒప్పుకునే కారణమే. ఇరవై వేల మందికి పైగా అభిమానులు వద్దని సంతకాలు పెట్టారు. ఒక్క సీజన్ ఆ బ్యాడ్జితో ఆడి, తర్వాత అభిమానుల ఓటుతో మరోటి తెచ్చుకున్నారు, దండలూ నినాదమూ తిరిగొచ్చాయి. బార్సిలోనా 2018లో బ్యాడ్జి మధ్యలోంచి క్లబ్ పేరుకి పొట్టి రూపమైన ఎఫ్‌సీబీ అక్షరాలు తీసేద్దామని ప్రతిపాదించి, సభ్యులు ఎదురు తిరగడంతో వెనక్కి తగ్గింది. అట్లెటికో మాడ్రిడ్ 2017లో కొత్త స్టేడియంకి మారుతూ లోగోని నున్నగా చేసింది. 2023లో సభ్యులకి ఓటు పెడితే పదిమందిలో తొమ్మిదిమంది దాకా పాతదే కావాలన్నారు, 2024 జులై నుంచి పాతదే వాడుతున్నారు. కార్డిఫ్ సిటీది మరీ విచిత్రం. "బ్లూబర్డ్స్" (నీలి పిట్టలు) అని పిలిపించుకునే జట్టుకి 2012లో యజమాని ఎర్ర చొక్కా తొడిగి, బ్యాడ్జి మీద ఎర్ర డ్రాగన్‌ని కూర్చోబెట్టారు. 2015 జనవరికల్లా మళ్లీ నీలమే.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది లీడ్స్ యునైటెడ్ ఉదంతం. 2018 జనవరిలో బయటపెట్టిన కొత్త బ్యాడ్జిలో ఒక మనిషి, ముఖం లేని మనిషి, పిడికిలి గుండెకి ఆనించి ఉంటాడు. లీడ్స్ అభిమానులు నిజంగానే స్టాండ్స్‌లో చేసే సలాము అది. పదివేల మందిని సంప్రదించామని క్లబ్ చెప్పింది. అయినా ఒక్క రోజులో యాభై వేలకు పైగా సంతకాలు వ్యతిరేకంగా పడ్డాయి, దాన్ని పక్కన పెట్టేశారు. ఆలోచన అభిమానులదే, గీత కూడా శుభ్రంగానే ఉంది, మరి ఎక్కడ చెడింది? సలాము కొట్టేది బ్యాడ్జికి. బ్యాడ్జిలోనే సలాము కొట్టేవాడు నిలబడితే ఇంక దేనికి కొట్టాలి? దానికి తోడు ఆ ముఖం లేని మనిషిని ఏ అజీర్తి మందు డబ్బా మీద పెట్టినా సరిపోతాడు. లీడ్స్ తప్ప ఇంకెవరూ వాడలేనిది అందులో ఏదీ లేదు.

మీ ఏఐ సింహానికీ అదే జబ్బు. ఆ బొమ్మ నేను పెద్దది చేసి చూశాను. ముందు కాలికి ఒక పంజా ఎక్కువుంది, అది వదిలేయండి, సరిచేయొచ్చు. కానీ అలాంటి సింహం జిమ్‌కి ఉంది, సిమెంటుకి ఉంది, బెంగళూరులో నేను చూసిన అపార్ట్‌మెంట్ జట్లలో సగానికి ఉంది. ఎదుటి జట్టు కూడా సింహంతోనే దిగితే ఫొటోలో ఎవరిది ఏదో మీకే తెలీదు.

మరి బాగా కుదిరినవి ఏవి అంటే, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చెట్టు నాకు చాలా ఇష్టం. 1973లో స్థానిక పత్రిక ద్వారా పోటీ పెట్టారు. గెలిచింది డేవిడ్ లూయిస్ అనే డిజైన్ అధ్యాపకుడు. న్యాయనిర్ణేతల్లో ఒకరు తను పనిచేసే కాలేజీ మనిషే కావడంతో అమ్మ పుట్టింటి పేరుతో బొమ్మ పంపాడు. ఒక చెట్టు, దాని కింద ట్రెంట్ నదికి అలల గీతలు, "ఫారెస్ట్" అన్న మాట. అంతే. ఒకే రంగులో వేసినా పూర్తి బొమ్మే. తర్వాత 1979, 1980ల్లో వరసగా యూరోపియన్ కప్పులు గెలిస్తే పైన రెండు నక్షత్రాలు చేర్చారు తప్ప చెట్టు జోలికి పోలేదు.

మన పక్కనే చెన్నైయిన్ ఎఫ్‌సీ ఉంది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మొదలైనప్పుడు చాలా జట్లు ఏదో ఒక జంతువు కోసం వెతుక్కుంటుంటే వాళ్లు దిష్టిబొమ్మ పెట్టారు. కొత్త ఇల్లు కడితే ముందు వేలాడదీస్తామే, మీసాలూ కోరలూ ఉన్న ఆ ముఖం. చెన్నైలో వీధివీధినా ఉన్నదే, కానీ ప్రపంచంలో ఇంకే పెద్ద క్లబ్ బ్యాడ్జి మీదా నాకు కనబడలేదు. ఎవరికీ వివరించక్కర్లేదు. ఎదుటివాళ్ల దిష్టి తగలకూడదు, వాళ్లు కాస్త జంకాలి, రెండూ ఆ ముఖంలోనే ఉన్నాయి. ఆ జట్టు మ్యాచ్‌కి పెరియమేట్ స్టేడియంకి వెళ్తే పిల్లల బుగ్గల మీద రంగుతో వేసిన ఆ ముఖం దూరం నుంచే తెలిసిపోతుంది. బుగ్గ మీద రెండు నిమిషాల్లో వేయగలిగింది ఏదైనా బ్యాడ్జికి పనికొస్తుందని నా నమ్మకం.

కోల్‌కతాలో మోహన్ బగాన్‌ది తెరచాప పడవ, ఈస్ట్ బెంగాల్‌ది కాగడా. చదువు రాని మనిషి కూడా గుర్తుపడతాడు. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు అదే ఊరి ఐఎస్‌ఎల్ జట్టు ఏటీకేతో కలిసినప్పుడు ఆకుపచ్చ, మెరూన్ రంగులూ పడవా అలాగే ఉంచారు, పేరు ముందు మాత్రం ఏటీకే చేరింది. ఆ మూడక్షరాలు తీసేయాలని అభిమానులు గోల చేస్తూనే ఉన్నారు, 2023లో అవి పోయాయి. అదే పడవని తీసి ఉంటే మూడేళ్లు కాదు కదా, మూడు రోజులు కూడా నడిచేది కాదనుకుంటాను.

ఇప్పుడు మా పనిలోకి రండి, మీ నిర్ణయం నిజంగా తేలేది ఇక్కడే.

చిక్‌పేట సందుల్లో ఎంబ్రాయిడరీ మిషన్లు నడిపేవాళ్లున్నారు. మీ బొమ్మ తీసుకెళ్తే దాన్ని కుట్టు ఫైలుగా మార్చే పనిని పంచింగ్ అంటారు. పంచింగ్ చేసే మనిషి ఫైలు తెరిచి, మీకు ముచ్చటగా కనబడేలా పెద్దది చేయడు. అసలు సైజుకి తగ్గించి, స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇది రాదు, ఇది రాదు, ఇది కలిసిపోతుంది" అని చూపిస్తాడు. ఆ వేలు ఎన్ని చోట్ల ఆగిందో లెక్కపెట్టుకుంటే మీ లోగో ఎలాంటిదో తెలిసిపోతుంది.

వైట్‌ఫీల్డ్ వైపు ఒక అకాడమీ వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే లోగో చేయించుకుని ఉన్నారు. నోరు తెరిచిన సింహం, ఒక్కో పన్నూ విడివిడిగా, చుట్టూ వలయంలో పేరు, నినాదం, స్థాపించిన సంవత్సరం. ఎవరు చెప్పినా వినకపోతే శాంపిల్ కుట్టించి చేతికిచ్చాను. పళ్లన్నీ కలిసి తెల్లటి ముద్ద అయ్యాయి, సింహం జేబురుమాలు కరుచుకున్నట్టుంది. నినాదంలో సున్నాలన్నీ పూడుకుపోయాయి. వలయం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది, ఎందుకంటే సాగే జెర్సీ బట్ట మీద కుట్టు పడిన దిశలో బట్ట ముడుచుకుంటుంది. వెనక అట్టలాంటి బ్యాకింగ్ పిల్లల ఛాతీకి గరగరలాడుతోందని కోచ్ గొడవ. తర్వాత సింహం తల నీడబొమ్మ ఒక్కటే ఉంచి, కన్ను చోట బట్ట రంగు కనబడేలా వదిలాం. కుట్లు బాగా తగ్గాయి, బ్యాడ్జి మెత్తబడింది, ఖర్చూ తగ్గింది.

అందుకని ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

అక్షరాల ఎత్తు. కుట్టులో అర సెంటీమీటరు కంటే చిన్న అక్షరం శుభ్రంగా రాదు. ఎనిమిది సెంటీమీటర్ల బ్యాడ్జిలో ఆ కొలతన ఎన్ని అక్షరాలు పడతాయో కాగితం మీద మీరే గీసి చూసుకోండి. పేరు పడుతుంది. పేరుతో పాటు నినాదం, ఊరు, సంవత్సరం పడవు.

గీత మందం. మిల్లీమీటరు కంటే సన్నని గీత దారంతో నిలవదు. చార్మినార్ మీద జాలీలు, విధానసౌధ స్తంభాలు అన్నీ అంతకంటే సన్నవే.

రంగులు కలిసిపోయే నీడలు వద్దు. మీ మంటల్లో పసుపు నుంచి నారింజకి, నారింజ నుంచి ఎరుపుకి జారే రంగులున్నాయి. సబ్లిమేషన్‌లో, అంటే వేడితో రంగుని బట్టలోకి ఎక్కించే అచ్చులో, వస్తాయి, ఒప్పుకుంటాను. కానీ సబ్లిమేషన్ లేతరంగు పాలిస్టర్ మీదే పడుతుంది. ముదురు రంగు టోపీ మీదో ట్రాక్ జాకెట్ మీదో కుట్టించాల్సి వస్తే ఆ జారుడు రంగులు చారలు చారలుగా తేలతాయి.

నలుపు తెలుపులో చూడండి. రిఫరీ కాగితం మీదా లీగ్ ఉత్తరాల మీదా జిరాక్స్ తీసిన బ్యాడ్జే కనబడేది. అక్కడ నల్లటి మచ్చగా మిగిలేది బ్యాడ్జి కాదు.

ఆకారం గురించి ఎక్కువ చెప్పను. గుండ్రంగా ఉంటే ఫోన్ డీపీలో సరిగ్గా కూర్చుంటుంది, అందుకే ఈ మధ్య చాలా క్లబ్బులు అటు వెళ్లాయి, ఇప్పుడు అన్నీ ఒకే సీసా మూతల్లా కనబడుతున్నాయని అదే జనం విసుక్కుంటున్నారు. ఆస్టన్ విల్లా గుండ్రటిది ఒక్క 2023-24 సీజన్ వాడి మళ్లీ డాలుకి వచ్చేసింది. చిన్న జట్టుకి డాలైనా గుండ్రమైనా పర్వాలేదు, సూది మొనలుండే ఆకారం మాత్రం వద్దు. ప్యాచ్‌గా కుట్టిస్తే ముందు ఊడేది ఆ మొనలే.

రంగుల దగ్గర మీకు బెంగళూరు చిక్కు ఒకటుంది. ఈ ఊళ్లో నీలం బెంగళూరు ఎఫ్‌సీది, కంఠీరవ స్టేడియంలో వాళ్ల అభిమానులు కూర్చునే వెస్ట్ బ్లాక్‌ని ఒక్కసారి చూసినవాళ్లు ఇంకో జట్టుకి నీలం వేయరు. తెలుగువాళ్లం కాబట్టి ఇంకో చిక్కు. పసుపు వేస్తే ఒకరు, గులాబీ వేస్తే ఇంకొకరు "ఏ పార్టీ?" అని అడుగుతారు. నవ్వులాటకి అనడం లేదు, ఒక తెలుగు సంఘం టోర్నమెంట్‌కి జెర్సీలు చేసినప్పుడు రంగు తేలడానికే బొమ్మ గీసినదానికంటే ఎక్కువ రోజులు పట్టింది.

చార్మినార్, విధానసౌధ విషయంలో నా అభ్యంతరం కుట్టు ఒక్కటే కాదు. మీ జట్టులో అనంతపురం, నెల్లూరు, గుంటూరు కుర్రాళ్లున్నారని రాశారు. వాళ్లకి చార్మినార్‌తో ఏం సంబంధం? విధానసౌధ గేటు లోపలికి మీలో ఎంతమంది వెళ్లారు? అందరినీ సంతోషపెట్టాలని తలా ఒక కట్టడం పెట్టినట్టుంది, కమిటీ సభ్యుల సంఖ్యని బట్టి లోగోలో బొమ్మల సంఖ్య పెరగడం నేను చాలాసార్లు చూశాను. ఎవరో అమరావతి పూర్ణఘటం, కాకతీయ తోరణం కూడా సూచించారట. శిల్పంలో ఉన్న తోరణాన్నో ఘటాన్నో మీ చేత్తో మీరు గీసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ముద్రలో ఉన్న బొమ్మని యథాతథంగా ఎత్తిపెట్టకండి. 1950 నాటి చిహ్నాల చట్టం ప్రకారం ప్రభుత్వ చిహ్నాన్ని అనుమతి లేకుండా వ్యాపారానికో ట్రేడ్‌మార్క్‌కో వాడటం కుదరదు. గండభేరుండం పెడదామనుకునేవాళ్లకీ ఇదే మాట, అది కర్ణాటక ప్రభుత్వ చిహ్నంలో ఉంది.

అయితే ఏం పెట్టాలి? జవాబు మీ ప్రశ్నలోనే ఉంది, మీరు దాన్ని ఫిర్యాదులా రాశారు. ఎదుటి జట్లు మిమ్మల్ని "మిర్చి బ్యాచ్" అని ఎగతాళి చేస్తాయట, మ్యాచ్ అయ్యాక మీరు తినే తిండి చూసి. అదే పెట్టండి.

ఎదుటివాడు వెక్కిరించిన పేరుని నెత్తిన పెట్టుకోవడం ఫుట్‌బాల్‌లో కొత్తేం కాదు. బ్రెజిల్‌లో ఫ్లమెంగో అభిమానుల్ని ఎదుటి జట్లవాళ్లు రాబందులని హేళన చేసేవాళ్లు. 1969లో కొందరు అభిమానులు నిజం రాబందునే మరకానా స్టేడియంలో వదిలారు, ఆ తర్వాత అదే వాళ్ల మస్కట్ అయింది. అదే దేశంలో పల్మైరస్‌ని పందులని తిట్టేవాళ్లు, 1986లో అభిమానులే ఆ పేరు సొంతం చేసుకున్నారు. ఆ తిట్టు ఇక ఎదుటివాళ్లకి పనికిరాలేదు.

డిజైన్ లెక్కన కూడా మిరపకాయ బంగారం లాంటి ఆకారం. ఒకటే వంపు, పైన తొడిమ. నీడబొమ్మగా వేసినా ఇంకేదో అనుకునే అవకాశం లేదు. పిల్లలు గోడ మీద బొగ్గుతో గీసేయగలరు. ముదురు ఎరుపు కాయ, ఆకుపచ్చ తొడిమ, వెనక తెలుపు, అక్కడికి రెండు రంగులూ సరి. పైగా గుంటూరు మిర్చి మనది, బ్యాడగి మిర్చి కర్ణాటకది. మీ జట్టులో ఉన్న కన్నడ కుర్రాళ్లు చార్మినార్ చూసి ముఖం తిప్పుకుంటారేమో గానీ మిర్చి దగ్గర పేచీ పెట్టరు. ఎండుమిర్చిలా ముడతలు వేయకండి, ఆ ముడతలు కుట్టులో మురికిలా కనబడతాయి. పండుమిర్చిలా నున్నగా ఉంచండి. కాయకి కళ్లూ నోరూ పెట్టి కోపం తెప్పించాలన్న కోరిక ఎవరికో ఒకరికి పుడుతుంది, ఆపండి. చిప్స్ ప్యాకెట్ అయిపోతుంది.

అక్షరం కావాలనే వర్గాన్ని ఊరడించడానికి ఒక మాట. ఇంగ్లిష్ అక్షరం బదులు తెలుగు అక్షరం ప్రయత్నించొచ్చు. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి గుండ్రటి బ్యాడ్జిలో చక్కగా ఒదుగుతాయి. గ, ద, న, ర లాంటివి తలకట్టు వదిలేస్తే కన్నడ అక్షరాలకి దాదాపు అచ్చు, ఈ ఊళ్లో ఇద్దరూ చదువుతారు. కాకపోతే మన అక్షరాల లోపలి ఖాళీలు చిన్నవి, కుట్టులో పూడుకుపోతాయి. ఫాంట్ తెచ్చి అతికిస్తే కుదరదు, లోపలి ఖాళీలు పెద్దవి చేస్తూ చేత్తో గీయించాలి. బ్యాడ్జిలో కాకుండా జెర్సీ మెడ వెనక పెడితే ఇంకా బాగుంటుంది.

జట్టులో ఒప్పించడం ఎలా అని అడిగారు. ఐదు బొమ్మలు గ్రూప్‌లో పెట్టి ఓటు వేయించకండి. ఓటులో గెలిచేది ఎప్పుడూ రంగులు ఎక్కువున్న బొమ్మే, ఫోన్‌లో పెద్దదిగా చూస్తారు కాబట్టి. మాంచెస్టర్ సిటీ 2015లో చేసిన పద్ధతి మంచిది. బొమ్మలు చూపించకముందే మీకు ఏవి ముఖ్యం, ఏవి ఉండాలి అని అభిమానుల్ని అడిగారు. మీరూ ఒక ప్రశ్నే అడగండి, మన జట్టు పేరు చెప్పకుండా మన జట్టుని ఎవరికైనా ఎలా చెప్తారు? ఎక్కువమంది ఏం రాస్తే అది గీయించండి. గీశాక బొమ్మని పది సెకన్లు చూపించి, మూసేసి, కాగితం మీద వేయమనండి. సగంమంది వేయగలిగితే చాలు.

డబ్బు, హక్కుల సంగతి. డిజైనర్‌కి డబ్బిచ్చాం కాబట్టి లోగో మాదే అనుకుంటారు చాలామంది. మన కాపీరైట్ చట్టంలో ఉద్యోగి కాని డిజైనర్ గీసిన బొమ్మ మీద మొదటి హక్కు సాధారణంగా గీసినవాడిదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మీకొస్తుంది. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకి, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. కాబట్టి "శాశ్వతంగా, అన్ని దేశాలకీ" అని రాయించుకుని సంతకం తీసుకోండి. నాకు తెలిసిన ఒక క్లబ్ పైకి వచ్చాక పాత డిజైనర్ వచ్చి నా బొమ్మ అన్నాడు, చేతిలో కాగితం లేక కొత్త బ్యాడ్జి చేయించుకున్నారు. ఏఐ బొమ్మతో ఇంకో తంటా, అది మీదేనని రేపు ఎవరి దగ్గరైనా గట్టిగా నిలబడి చెప్పడం కష్టం. జట్టు నిలదొక్కుకుంటే ట్రేడ్‌మార్క్ వేయించండి. ఆటల సేవలకి 41వ క్లాస్, జెర్సీలూ టోపీలూ అమ్మాలంటే 25వ క్లాస్. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. ఫొటో ఫైలు ఒక్కటీ చాలదు. ఎంత పెంచినా చెదరని వెక్టర్ ఫైలు, జెర్సీ షాపులవాళ్లు అడిగే కోరల్‌డ్రా ఫైలు, ఒకే రంగులో వేసిన రూపం, పంచింగ్ ఫైలు, దారం రంగుల నంబర్లు. ఆ దారం నంబర్లు రాసుకోకపోతే రెండో విడత జెర్సీల్లో మీ ఎరుపు ఇటుక రంగవుతుంది.

చివరగా, జెర్సీ స్పాన్సర్ పేరు బ్యాడ్జిలో కలపమంటున్నాడని రాశారు. కలపకండి. ఛాతీ మధ్యలో ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా వేయించుకోమనండి, బ్యాడ్జి ఎడమ వైపు విడిగా ఉండాలి. వచ్చే సీజన్‌కి ఆయన మారితే హీట్ ప్రెస్ స్టిక్కర్ ఒక్కటి మారుస్తారు, బ్యాడ్జి మళ్లీ పంచింగ్ చేయించక్కర్లేదు. మిర్చికి జట్టులో ఒప్పుకుంటే కింద రాయండి, తొడిమ ఎటు వంచాలో ఒక స్కెచ్ వేసి పెడతాను.